వినబడలేదంటే లేనట్టేనా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో గోడలు కనబడవు, బోర్డులే కనబడతాయి. జావా, పైథాన్, క్లౌడ్, లినక్స్. ఆ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి దిగినవాళ్లలో చాలామంది అమెరికా చేరారు. చేరకుండా ఇక్కడే మిగిలిపోయిన కుర్రవాడు ఒకడున్నాడనుకుందాం. ఉద్యోగం మాదాపూర్‌లో, అద్దె ఇల్లు పంజాగుట్ట వెనక వీధిలో. పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. "కేబుల్ తీగ లాంటిదే అంకుల్" అని ఓనరుగారిని ఒప్పించి, డాబా మీద నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా రాగి తీగ లాగాడు. రాత్రి అన్నం తిన్నాక పాత డెస్క్‌టాప్ ఆన్ చేసి, ఉబుంటులో డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ప్రోగ్రాం తెరిచి, గంటసేపు సిగ్నల్ పంపాడు. ఆ తర్వాత పీఎస్‌కే రిపోర్టర్ మ్యాపు చూశాడు. లైసెన్సుతో పాటు వచ్చిన అతని కాల్‌సైన్ పేరున ఒక్క చుక్క కూడా లేదు.

"ఎవరికీ వినబడటం లేదు" అనుకుని పడుకున్నాడు.

మూడే మాటలు. కానీ అలాంటి వాక్యం ఒకటి చెప్పే హక్కు మనిషికి ఎప్పుడు వస్తుందన్నదాని మీద మన తార్కికులు వెయ్యేళ్లు పోట్లాడుకున్నారు. గుడి మెట్ల మీద కూర్చుని "స్వామికి నా గోడు వినబడటం లేదు" అనేవాడిదీ, ఆ పక్కనే నిలబడి "వినడానికి అక్కడెవరైనా ఉంటేగా" అనేవాడిదీ ఒకటే ఆధారం: జవాబు రాలేదు. జవాబు రాకపోవడం దేనికి సాక్ష్యం? ఈ ప్రశ్నను గుళ్లో అడిగితే కోపాలొస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చుని అడిగితే కొంత దూరమైనా కొట్టుకోకుండా వెళ్లవచ్చు.

ముందు ఆ మ్యాపు సంగతి. ఫిలిప్ గ్లాడ్‌స్టన్ అనే అమెరికన్ హామ్ (అమెచ్యూర్ రేడియోవాళ్లను అలాగే పిలుస్తారు), కాల్‌సైన్ ఎన్1డీక్యూ, నడిపే ఏర్పాటు అది. ప్రపంచమంతటా హామ్‌ల ఇళ్లలో రేడియోకు తగిలించిన కంప్యూటర్లు గాలిలో ఏ కాల్‌సైన్ వినబడినా దాన్ని, ఏ ఫ్రీక్వెన్సీలో, ఎంత బలంతో, ఎన్ని గంటలకు వినబడిందో రాసుకుని ఆ సర్వర్‌కు చేరవేస్తాయి. వీటినే స్పాట్లంటారు. మనిషి ప్రమేయం అక్కర్లేదు. ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గోతి ఒకటుంది. నేను విన్నవాళ్ల గురించి నా కంప్యూటర్ పంపే స్పాట్లు వేరు, నన్ను విన్నవాళ్లు నా గురించి పంపే స్పాట్లు వేరు. మొదటివి రాకపోతే తప్పు నా ఇంట్లో ఉంది. రెండోవి రాకపోతే తప్పు నా తీగలో ఉండొచ్చు, అవతలివాడి ఇంట్లో ఉండొచ్చు, పైన అయనోస్ఫియర్‌లో ఉండొచ్చు, అసలు ఎక్కడా లేకపోవచ్చు. మన కుర్రవాడి మ్యాపులో రెండూ లేవు. అతను రెండో దానికి ఏడ్చాడు. మొదటిది లేదన్న సంగతే గమనించలేదు. తన మొర ఎవరూ వినలేదని బాధపడేవాడు, తాను ఎవరి మాటైనా విన్నట్టు దాఖలా ఉందా అని చూసుకోవడం తక్కువే.

ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు ఆరు ప్రమాణాలను ఒప్పుకున్నాడు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, ఆరోది అనుపలబ్ధి. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం. నేల మీద కుండ లేదని ఎలా తెలిసింది? లేమి కంటికి తగలదు కదా. కుండ కనబడకపోవడమే ఆ తెలివికి ఆధారమన్నాడు. అయితే తర్వాతివాళ్లు దీనికి గట్టి కట్టుబాటు పెట్టారు. చీకటి గదిలో కుండ కనబడలేదని, కుండ లేదనకూడదు. ఉంటే తప్పకుండా కనబడి ఉండేదన్న పరిస్థితి ముందు ఏర్పడాలి: వెలుతురుండాలి, కన్ను బాగుండాలి, ఆ వస్తువు కంటికి కనబడే జాతిదై ఉండాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. దయ్యం కనబడలేదు కాబట్టి లేదనడం చెల్లదు, ఎందుకంటే దయ్యం కంటికి ఆనేది కాదని చెప్పేవాడే ఒప్పుకుంటున్నాడు. ఈ చివరి మాట దయ్యాలను నమ్మేవాళ్లకు ఎంత అనుకూలమో మీమాంసకులకు తెలియక కాదు.

న్యాయదర్శనం వారు, అంటే నైయాయికులు, మాత్రం ఆరో ప్రమాణం అనవసరమన్నారు. లేమి కూడా ప్రత్యక్షంగానే తెలుస్తుందన్నది వారి వాదం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే, పదిహేడో శతాబ్దం వాడు. పిల్లలకు తేలిగ్గా అర్థం కావడానికే రాశానని ఆయన చెప్పుకున్న ఆ చిన్న పుస్తకంలో ప్రమాణాలు నాలుగే. కానీ అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కపెట్టి, దాన్ని మళ్లీ నాలుగు రకాలు చేశాడు: పుట్టకముందు లేకపోవడం, నశించాక లేకపోవడం, ఎన్నడూ లేకపోవడం, ఇది అది కాకపోవడం. లినక్స్‌లో తప్పు వెతికేవాడికి ఈ పట్టిక ఏ మాన్యువల్‌కూ తీసిపోదు. స్పాట్ ఇంకా పుట్టలేదా, పుట్టి దారిలో పోయిందా, ఎప్పటికీ పుట్టదా, వేరే పేరుతో పుట్టిందా? నాలుగూ ఖాళీ మ్యాపులాగే కనబడతాయి.

మర్నాడు ఆదివారం. కుర్రవాడు మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మొదట వెలుతురు. అంటే రేడియోలోని చప్పుడు కంప్యూటర్‌లోకి నిజంగా వస్తోందా అన్నది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ కిటికీ ఎడమ మూలన పచ్చటి కొలబద్ద ఉంటుంది. బ్యాండ్‌లో రొద తప్ప ఏమీ లేనప్పుడు అది ముప్పై డెసిబెల్స్ దగ్గర నిలిస్తే మంచిదని ఆ ప్రోగ్రాం రాసినవాళ్లే చెబుతారు. ఇతనిది కదులుతూనే ఉంది, కానీ రేడియో ఆపేసినా కదులుతోంది! లినక్స్‌లో చప్పుడును ఎటు మళ్లించాలో పల్స్ ఆడియో, ఇప్పుడైతే పైప్‌వైర్, చూసుకుంటుంది. అది రేడియో యూఎస్‌బీ సౌండ్‌ను వదిలేసి వెబ్‌క్యామ్ మైకును పట్టుకుంది. అంటే రాత్రంతా ఆ ప్రోగ్రాం ఆకాశాన్ని వింటున్నాననుకుని సీలింగ్ ఫ్యాన్‌ను విన్నది. ధ్యానంలో కూర్చున్న చాలామంది పరిస్థితి దీనికి భిన్నమేమీ కాదని ఎవరైనా అంటే కాదనడం కష్టం.

తర్వాత కాలం. ఇతను వాడే పద్ధతి పేరు ఎఫ్‌టీ8. ప్రపంచంలో అందరూ ఒకే గడియారానికి కట్టుబడి, నిమిషాన్ని 15 సెకన్ల నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కలో మాట్లాడి మరుసటి ముక్కలో వింటారు. మాట 12.64 సెకన్లు, మొత్తం 77 బిట్లు, అంటే ఇద్దరి కాల్‌సైన్లూ ఒక ఊరి గుర్తో, సిగ్నల్ బలమో. హామ్‌ల పటంలో పంజాగుట్ట, ఖైరతాబాద్ ఉన్న చదరానికి ఎంకే97 అని గుర్తు. గడియారం రెండు మూడు సెకన్లు తప్పితే వాటర్‌ఫాల్ అనే తెరపట్టీ మీద సిగ్నళ్ల గీతలు మెరుస్తూనే ఉంటాయి గానీ ఒక్కటీ అర్థం కాదు. కళ్లముందే మాట్లాడుతున్నా భాష తెలియని ఊళ్లో నిలబడ్డట్టు ఉంటుంది. వేళకే నమాజు చేయాలనే మసీదుకూ, లగ్నం తప్పితే తాళి కట్టనివ్వని పురోహితుడికీ ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఒకే కంప్యూటర్‌లో విండోసూ లినక్సూ పెట్టుకున్నవారికి తెలుసు: లోపలి గడియారంలో విండోస్ స్థానిక కాలం రాస్తుంది, లినక్స్ దాన్ని గ్రీనిచ్ కాలమనుకుంటుంది. ఇంటర్నెట్ నుంచి సరైన సమయం అందకపోతే మన దేశంలో తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. అయిదున్నర గంటలంటే 19,800 సెకన్లు, అంటే 15 సెకన్ల ముక్కలు 1,320. శేషం సున్నా! కాబట్టి డీకోడ్లు చక్కగా పడతాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. రిపోర్టు మీద పడే సమయం మాత్రం ఇంకా రాని సమయం. సాక్షి విన్నది నిజం, ఎప్పుడు విన్నాడన్నది అబద్ధం. ఇలాంటి సాక్షిని ఏ కోర్టయినా ఎక్కడ కూర్చోబెడుతుందో.

అబద్ధపు సాక్ష్యానికి ఇంకో దారి కూడా ఉంది. రేడియో ఏ బ్యాండ్‌లో ఉందో కంప్యూటర్‌కు సీరియల్ తీగ ద్వారా తెలియాలి. లినక్స్‌లో ఆ టీటీవైయూఎస్‌బీ0 అనే ద్వారం అందరికీ తెరుచుకోదు. డయల్ఔట్ అనే గుంపులో సభ్యత్వం ఉన్నవాడికే తెరుచుకుంటుంది. సభ్యత్వం ఇచ్చినా ఒకసారి లాగౌట్ అయి మళ్లీ వస్తేగానీ చెల్లదు. కొత్తవాడు విసిగిపోయి ఆ తీగ సంగతి వదిలేసి, రేడియోను చేత్తో 7.074 మెగాహెర్ట్జ్‌కు తిప్పుకుని, తెర మీద 14.074 అలాగే ఉంచేస్తాడు. అప్పుడతని కంప్యూటర్ నలభై మీటర్ల బ్యాండ్‌లో విన్నదాన్ని ఇరవై మీటర్లలో విన్నానని లోకానికి చాటుతుంది. శబ్దప్రమాణం చెల్లాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలన్నారు మనవాళ్లు, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. యంత్రానికి మోసం చేసే బుద్ధి లేదు, నిజమే. కానీ బుద్ధి లేకపోవడం ఆప్తత్వానికి సరిపోదని ఈ తప్పు స్పాట్లు చూస్తే తెలుస్తుంది. హామ్‌ల సాక్ష్యానికి పాత రోజుల్లో ఇంకో జబ్బుండేది, ఇప్పటికీ పోటీల్లో ఉంది: ఎదుటివాడు ఎంత నీరసంగా వినబడినా మర్యాదకు "ఫైవ్ నైన్" అనేస్తారు. పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగినట్టే. యంత్రం మొహమాటం లేకుండా మైనస్ 17 అంటుంది.

ఇప్పుడు చప్పుడు సరైంది, కాలం సరైంది, బ్యాండ్ సరైంది. తెర నిండా డీకోడ్లు పడుతున్నాయి: ఇండోనేషియా, జపాన్, రష్యా. సెట్టింగ్స్‌లో రిపోర్టింగ్ దగ్గర పీఎస్‌కే రిపోర్టర్ గడికి టిక్కు ఉంది. కాల్‌సైన్, చదరం రాసే ఉన్నాయి. మ్యాపు మాత్రం ఖాళీ. ఇక్కడ అయిదో ప్రమాణం, అర్థాపత్తి, పనికొస్తుంది. దానికి మీమాంసకులు చెప్పే ఉదాహరణ దేవదత్తుడు: పగలు తినడు, అయినా లావుగానే ఉన్నాడు, కాబట్టి రాత్రి తింటున్నాడు. వినడం జరుగుతోంది, చేరడం జరగటం లేదు, కాబట్టి దారిలో ఏదో తింటోంది. దేవదత్తుణ్ని పట్టుకోవాలంటే రాత్రి వంటింట్లో కాపలా కాయాలి. లినక్స్‌లో ఆ కాపలా పేరు టీసీపీడంప్. యూడీపీ 4739 పోర్టు మీద ఇంట్లోంచి ఏమైనా బయటికెళ్తోందేమో చూడమని దానికి చెప్పి కూర్చోవాలి. అరనిమిషం చూసి ఏమీ లేదనేస్తే మళ్లీ చీకటి గదిలో కుండ కథే. ఈ రిపోర్టులు డీకోడ్ అయిన మరుక్షణం వెళ్లవు. ప్రోగ్రాం వాటిని మూటకట్టి దాదాపు అయిదు నిమిషాలకోసారి పంపుతుంది. అయిదు నిమిషాలు ఆగాడు. మూట బయల్దేరింది. గుమ్మం దాటింది. మ్యాపు మీద చుక్క పడలేదు.

యూడీపీ స్వభావమే అంత. ఉత్తరం డబ్బాలో వేసినట్టు. అందిందని ఎవరూ చెప్పరు, అందలేదనీ చెప్పరు. కొన్ని అపార్ట్‌మెంట్ల వైఫై, కొన్ని రూటర్లు అలాంటి ఉత్తరాలను నిశ్శబ్దంగా చింపేస్తాయి. అందుకే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో అదే మూటను టీసీపీ ద్వారా పంపే ఏర్పాటు కూడా పెట్టారు. అందులో అవతలివైపు నుంచి అందినట్టు రసీదు వస్తుంది. ఫలం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చేయమని గీత చెప్పింది కాబట్టి యూడీపీయే ఉత్తమమని చమత్కరించే హామ్ ఎక్కడో ఉండే ఉంటాడు. అయితే చేసిన పనికి ప్రతిఫలం కోరకపోవడం వేరు, చేసిన పని అసలు జరిగిందో లేదో పట్టించుకోకపోవడం వేరు. ఈ రెండూ ఒకటేనని మనవాళ్లు చాలా సౌకర్యంగా కలిపేసుకున్నారు.

టీసీపీ గడికి టిక్కు పెట్టాక మొదటి రకం చుక్కలు పడ్డాయి. పంజాగుట్ట నుంచి టోక్యో దాకా గీతలు. రెండో రకం, తనను విన్నవాళ్లవి, అప్పటికీ లేవు. ఇక ఇంట్లో కాదు, ఆకాశంలో వెతకాలి.

శబ్దం ఆకాశపు గుణమన్నారు నైయాయికులు. మన రేడియోకు ఆకాశవాణి అన్న పేరు నప్పడానికి అదీ ఒక కారణమే. ఆ శబ్దం చెవిదాకా ఎలా వస్తుందన్నదానికి వారు రెండు పోలికలు చెప్పారు. ఒకటి, చెరువులో అల మీద అల. రెండోది, కడిమి మొగ్గ ఒకేసారి అన్ని వైపులకూ విచ్చుకోవడం. షార్ట్‌వేవ్ ఈ రెంటినీ వెక్కిరిస్తుంది. నేల మీద పాకే అల కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. పైకి వెళ్లింది అయనోస్ఫియర్‌కు తగిలి వంగి వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. నడుమ పడే ఊళ్లకు ఏమీ వినబడదు. ఇరవై మీటర్లలో పంజాగుట్ట మాట వరంగల్‌లో వినబడకుండా ఇటలీలో వినబడటం మామూలే. ఇంట్లోవాళ్లకు వినబడని మొర ఎక్కడో పరాయివాడికి వినబడిన సందర్భాలు రేడియో బయట కూడా ఉన్నాయి.

ఇక ఊరి రొద. అమీర్‌పేట స్టేషన్‌లో మెట్రో లైన్లు రెండు కలుస్తాయి, పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు పారుతుంటుంది. ప్రతి అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, ప్రతి గదిలో ఫోన్ ఛార్జర్, ప్రతి బాల్కనీలో చవక ఎల్‌ఈడీ. వీటిలో చాలా వరకు షార్ట్‌వేవ్‌లో గీపెడుతూనే ఉంటాయి. వినాయక చవితి వస్తే సందుకో మండపం, మండపానికో దీపాల తోరణం. ఖైరతాబాద్ గణపతిని 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో నిలబెట్టారు. ఏటా ఒక అడుగు పెంచుకుంటూ పోయి 2014కు అరవై అడుగులకు చేర్చారు. మైకులూ లైట్లూ విగ్రహంతో పాటే పెరిగాయి. ఆ పది రోజులూ ఈ ప్రాంతంలో బలహీనమైన సిగ్నల్ వినడమంటే నిమజ్జనం ఊరేగింపులో చెవిలో గుసగుస వినడమే. హామ్‌లలో ఎలిగేటర్ అని ఒక తిట్టుంది: నోరు పెద్దది, చెవులు చిన్నవి. నగరంలో ఉండే హామ్ తన తప్పేమీ లేకుండానే ఎలిగేటర్ అవుతాడు. అతని మాట లోకానికి వినబడుతుంది, లోకం ఇచ్చిన జవాబు అతనికి వినబడదు. "ఎవరూ పలకటం లేదు" అంటాడు. పలికారు.

ఎఫ్‌టీ8ను 2017లో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు స్టీవ్ ఫ్రాంకీ, రెండోవారు జో టేలర్. టేలర్ 1941లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. రసెల్ హల్స్‌తో కలిసి 1974లో జంట నక్షత్రాలలో ఒకటిగా తిరిగే పల్సార్‌ను కనిపెట్టినందుకు 1993లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రొదలో మునిగిపోయిన సన్నటి లయను బయటికి లాగడం ఆయన జీవితపు పని. అదే నేర్పును హామ్‌ల చేతికిచ్చారు. రిసీవర్‌లో నిండిన రొదలో నూరో వంతు బలం కూడా లేని సిగ్నల్‌ను ఎఫ్‌టీ8 చదవగలదు. మనిషి చెవికి అక్కడేమీ ఉండదు. కుర్రతనంలో ఆయనా అన్నా ఇంటి మీద పెద్ద యాంటెన్నాలు కట్టి ఒకసారి ఇటుక పొగగొట్టాన్ని కప్పు దాకా కోసేశారట. పంజాగుట్ట ఓనరుగారికి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

టేలర్ పుట్టింది క్వేకర్ల కుటుంబంలో, చదివింది క్వేకర్లు స్థాపించిన హావర్‌ఫర్డ్ కాలేజీలో. సంప్రదాయ క్వేకర్ ఆరాధనలో పూజారి ఉండడు, మంత్రం ఉండదు, పాటా ఉండదు. అందరూ వచ్చి మాట్లాడకుండా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి నాలుగు ముక్కలు చెబుతాడు, రాకపోతే అందరూ లేచి ఇంటికెళ్తారు. ఆ నేపథ్యం వల్లే ఈయన ఇలాంటి ప్రోగ్రాం రాశాడనడం అతి అవుతుంది. నిశ్శబ్దంగా కూర్చున్న క్వేకర్లందరూ నోబెల్ తెచ్చుకోలేదు. కానీ ఆరాధన అంటే ముందుగా వినడం అనుకునే మతం, ముందుగా పిలవడం అనుకునే మతం జవాబు రాకపోవడాన్ని ఒకేలా అర్థం చేసుకోవు. మొదటిదానికి ఖాళీగా గడిచిన గంట కూడా సభే. రెండోదానికి అది విఫలమైన మొక్కు.

జవాబు రాకపోవడం చదువుల్లో ఉదాహరణగా కాక గుండెల మీద కుంపటిగా మారిన రోజు ఒకటుంది. దాని కొస ఈ చుట్టుపక్కలే ఉంది. సోమాజీగూడ రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉండేది. సూరి అనే హామ్, వీయూ2ఎంవై, 1983లో పెట్టింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, తన బృందంతో అండమాన్ వెళ్లారు. చాలా ఏళ్లుగా హామ్‌లకు అనుమతి లేని దీవులు అవి. పోర్ట్ బ్లెయిర్ హోటల్ మీద యాంటెన్నాలు కట్టి వీయూ4ఆర్‌బీఐ అని పిలుస్తుంటే ప్రపంచమంతా క్యూ కట్టింది. డిసెంబరు 26 ఆదివారం పొద్దున్నే నేల కంపించింది, ఆ వెనకే సముద్రం వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాగా మోసుకెళ్లిన ఆ రేడియోలే దీవులకూ మెయిన్‌ల్యాండ్‌కూ మధ్య మాట మోశాయి.

అండమాన్‌లో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. అటువంటి రోజున ఇక్కడ ఎన్ని ఇళ్లలో మోగని ఫోన్ ముందు కూర్చుని ఉంటారో ఊహించవచ్చు. కబురు రాలేదు, కాబట్టి మనిషి లేడు: ఆ గంటల్లో బుద్ధి అటే పరుగెడుతుంది. మీమాంసకుడి హెచ్చరిక ఇక్కడ పాండిత్యం కాదు. మనిషి ఉండి ఉంటే కబురు తప్పక వచ్చేదా? టవర్ లేదు, కరెంటు లేదు, తీగ లేదు. రాదు. కాబట్టి కబురు రాకపోవడం అతను పోయాడని చెప్పదు, ఉన్నాడనీ చెప్పదు. హామ్‌ల రేడియో నెట్‌లో ఒక పేరు చదివి, క్షేమం అన్న మాట జోడించాక గాని ఆ నిశ్శబ్దానికి అర్థం లేదు. చీకటి గదిలోకి దీపం తెచ్చిన పని అది. కొన్ని గదుల్లో దీపం తెచ్చాక కుండ లేదనే తేలింది.

దేవుడి విషయంలో ఈ వాదాన్ని చివరిదాకా తీసుకెళ్లినవాడు ఉదయనుడు. మిథిలకు చెందిన నైయాయికుడు, న్యాయకుసుమాంజలి కర్త. కనబడడు కాబట్టి ఈశ్వరుడు లేడనేవారికి ఆ పుస్తకం మూడో స్తబకంలో ఆయన ఇచ్చిన జవాబు యోగ్యానుపలబ్ధే: కనబడటానికి తగిన వస్తువు కనబడకపోతేనే లేదనాలి, ఈశ్వరుడు ఆ జాతి వాడు కాదు. గట్టి జవాబు. కానీ రెండు వైపులా పదునున్న కత్తి. మొర ఆలకించకపోవడం లేమికి సాక్ష్యం కాకపోతే, మొక్కు తీరడం ఉనికికి సాక్ష్యం కావడం అంత తేలికేమీ కాదు. ఉదయనుడికి ఇది తెలుసు. అందుకే ఆయన మొక్కుల జోలికి పోకుండా, జగత్తు ఒక కార్యం కాబట్టి కర్త ఉండాలన్న అనుమానం మీద ఇల్లు కట్టుకున్నాడు. విచిత్రం ఏమిటంటే అనుపలబ్ధిని ప్రమాణంగా నిలబెట్టిన కుమారిలుడు సృష్టికర్తను ఒప్పుకోలేదు, వేదాన్ని మాత్రం వదల్లేదు.

ఉదయనుడి తర్వాత వచ్చిన స్వాములు ఇంకో సులువు కనిపెట్టారు. జవాబు రాలేదా, నీ భక్తి చాలలేదు. అంటే తప్పెప్పుడూ రిసీవర్‌దే. కంప్యూటర్‌లో కూడా చాలాసార్లు తప్పు రిసీవర్‌దేనని పైన చూశాం. వెబ్‌క్యామ్ మైకు, తప్పిన గడియారం. తేడా ఒక్కటే. అక్కడ రిసీవర్ బాగుందని తేల్చడానికి దారులున్నాయి: టోక్యో వినబడిందా, మూట గుమ్మం దాటిందా. అవన్నీ సరిపోయాక ఇక రిసీవర్‌ను తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఎన్ని సరిచేసుకున్నా చాలలేదనే మాట మిగిలే చోట, ఆ మాట చెప్పేవాడు ఏ పరీక్షకూ కూర్చోవడం లేదని అర్థం. పూరీలో గుడి తలుపులు మూసి ఉంటే ఉదయనుడు జగన్నాథుణ్ని నిలదీశాడని ఒక కథ ఉంది. బౌద్ధులు మీదికొచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే కదా ఉన్నది అన్నాడట. తప్పు తనదేనని ఆయన తల వంచుకోలేదు.

నిలదీయడంలో తెలుగువాళ్లకు ఆయనకన్నా దగ్గరివాడు కంచర్ల గోపన్న. ఖైరతాబాద్ నుంచి గోల్కొండ ఎంతో దూరం లేదు. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, ఆ కోటలోనే ఖైదై, పన్నెండేళ్లు రాముణ్ని పిలిచాడు, బతిమాలాడు, నగల లెక్కలు చెప్పి దెప్పాడు. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. జనంలో ఉన్న కథ ప్రకారం ఒక రాత్రి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో తానీషా పడకగదికి వెళ్లి ఆరు లక్షల మొహరీలు కుమ్మరించి రసీదు రాయించుకున్నారు. ఈ కథను భక్తిగా చెప్పేవాళ్లు ఒక ముక్క మీద తొందరగా దాటిపోతారు. దర్శనం పిలిచినవాడికి కాలేదు. జైల్లో వేసినవాడికి అయింది. పన్నెండేళ్లు సిగ్నల్ పంపినవాడి తెర ఖాళీగానే ఉంది; అందినట్టు గుర్తు వేరేవాడి గదిలో పడింది. ఆ రసీదు గోపన్న తలగడ కింద దొరికేదాకా, అతనున్న చోట నుంచి చూస్తే ఎవరికీ వినబడటం లేదన్నది పూర్తిగా సమంజసమైన మాట.

సోమవారం తెల్లవారుజామున పంజాగుట్ట మ్యాపు మీద రెండో రకం చుక్క ఒకటి పడింది. వాటర్ ట్యాంకు దగ్గర తీగ అతుకు తుప్పు పట్టి ఉంటే సాయంత్రం ఇసుక కాగితంతో రుద్ది బిగించాడు. కారణం అదో, పైన బ్యాండ్ తెరుచుకోవడమో చెప్పలేం. గ్రీస్‌లో ఎవరో, మైనస్ 19. కుర్రవాడు వాళ్లావిణ్ని లేపి చూపించబోయి మానుకున్నాడు. గ్రీస్‌లో అప్పుడు రాత్రి రెండు దాటింది. రేడియో ఆన్‌లో ఉంది, కంప్యూటర్ ఆన్‌లో ఉంది, విన్నట్టు రాసి పంపింది ఆ యంత్రమే. ఆ ఇంటి హామ్ చాలావరకు నిద్రలో ఉండి ఉంటాడు. గోల్కొండ కథలో కూడా రసీదు తలగడ కిందికి చేరే వేళకు గోపన్న నిద్రపోతున్నాడనే చెబుతారు.